గిన్నెలో బంగారు చేప: టీకా తాత్పర్య సహితం

మూలం: గాజు గిన్నెలో బంగారు చేప తిరుగుతున్నది.

అన్వయం సులభం. చేప కర్త, తిరగడం క్రియ, గిన్నె అధికరణం. భద్రాచలం దగ్గరి బూర్గంపాడులో ఒకటో తరగతి పిల్లవాడికీ బోధపడే ఈ వాక్యానికి వ్యాఖ్య దేనికని శిష్యుడు అడగవచ్చు. మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకు టీక రాస్తూ, మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అలాంటి నియమం లేదు.

‘బంగారు’ అన్న విశేషణం రంగుకే వర్తిస్తుంది, ధరకు కాదు. ఆ రంగైనా మొదటినుంచీ ఉన్నది కాదు. దీని పూర్వీకులు చైనా కుంటల్లో పెరిగిన బూడిద రంగు చేపలు. వాటిని శుభ్రంగా వండుకు తినేవారు. ఎర్ర పొలుసుల చేపలు అప్పుడప్పుడు కనబడుతున్నట్టు జిన్ వంశపు కాలం (క్రీ.శ. 265–420) నాటికే చైనావాళ్లు రాసిపెట్టారు. నలుపునిచ్చే వర్ణకం లోపిస్తే, దాని మాటున ఉన్న పసుపూ ఎరుపూ బయటపడతాయి. మామూలు చెరువులో అలాంటి చేపను కొంగ ముందుగా చూస్తుంది. పుణ్యం కోసం చేపలను వదిలే బౌద్ధుల కొలనుల్లో దానికి ప్రాణభిక్ష దొరికింది. గద్దె దిగిన గావోజాంగ్ చక్రవర్తి 1163లో హాంగ్‌చౌ ప్రాసాదంలో వీటికోసం కొలను కట్టించాడు. మింగ్ వంశపు రోజుల్లో చేపలు ఇళ్లలోకి వచ్చాయి. అసలు విడ్డూరం అక్కడ మొదలైంది: రెండు తోకలవీ, గుడ్లు బయటికి పొడుచుకొచ్చినవీ ఏటిలో ఒక్క పూట నిలవవు, ఇంట్లో మాత్రం యజమానికి ముద్దొచ్చి వంశాలు పెంచుకున్నాయి.

‘గాజు’ ప్రక్షిప్తం. చైనాలో వాడినవి మట్టి గోలేలు, పింగాణీ తొట్లు. చేపను పైనుంచి చూడటమే అక్కడి రసికత. పక్కనుంచి చూసే అలవాటు యూరప్‌ది. అక్కడికి ఇవి చేరింది పదిహేడో శతాబ్దంలో. 1758లో లినేయస్ శాస్త్రీయ నామం పెట్టాడు, 1868లో డార్విన్ పెంపుడు జీవుల మార్పులపై రాసిన గ్రంథంలో వీటికీ చోటిచ్చాడు.

‘గిన్నె’ దగ్గర అనౌచిత్య దోషం ఉంది. చేప మొప్పలనుంచి వదిలే అమోనియా ఆ పిడికెడు నీళ్లలో పోగుపడి దానికే విషమవుతుంది. పాపం, యజమాని మేత తక్కువైందనుకుని మరో చిటికెడు వేస్తాడు. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే చేప 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికింది. గిన్నెలో వారానికే తేలిన చేపకు ఆయుష్షు తీరిందనడం వ్యాఖ్యాతకు సమ్మతం కాదు.

తాత్పర్యం: వండుకోవలసిన చేపను మనుషులు ఏరి ఏరి ఆభరణంగా మార్చి, చివరికి అది బతకలేని పాత్రలో పెట్టి చూస్తున్నారని భావం.

శంక: మన చేపల బజారులో అమ్మే బంగారు తీగ ఇదేనా? సమాధానం: కాదు. అది కామన్ కార్ప్, పులుసులోకి. అయితే ఇదీ అదీ, గోదావరిలో దొరికే బొచ్చె, రవ్వ కూడా ఒకే కుటుంబం. వీటన్నిటికీ పళ్లు గొంతులో ఉంటాయి; చెప్పుకోదగ్గ జీర్ణాశయం ఉండదు. చుట్టరికం గట్టిదే, వియ్యం మాత్రం అక్కర్లేదు.

‘తిరుగుతున్నది’ అనే క్రియ మామూలు రోజులకు సరిపోతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచి బూర్గంపాడు మునిగినప్పుడు మాత్రం అధికరణ కారకానికే ఎసరొచ్చింది. ఇల్లూ ఏరూ ఒకటైన చోట గిన్నె లోపలేది, బయటేది? ఇలాంటి చేప వరదలో కొట్టుకుపోయినా, విసుగెత్తి ఎవరైనా చెరువులో వదిలినా కథ ముగియదు. అమెరికాలోని బర్న్స్‌విల్ ఊరి చెరువులో 2021లో ఫుట్‌బాల్ అంత పెరిగిన బంగారు చేపలు దొరికితే, దయచేసి చేపలను చెరువుల్లో వదలకండని ఊరి అధికారులు జనానికి విజ్ఞప్తి చేశారు. అలా వదిలేసిన చోట కొన్ని తరాలకు బంగారం పోయి, పిల్లలు మళ్లీ బూడిద రంగుకే తిరుగుతాయి. ఇక్కడ ‘తిరుగు’ ధాతువుకు మరలడమని అర్థం చెప్పుకోవాలి.