అరిగిన బెల్టుకు టీకా తాత్పర్యం

మోట రురుముచుండు మూకుడు కదలదు
బెల్టె యరిగె నింక బేర మేల
వెనుక మూత విప్పి వేయుము మఱియొండు
ఉప్పలెండ కన్న నూర టేది

అవతారిక: శ్రావణమాసపు ముసురులో, ఉప్పల్‌లో, ఒక ఫ్రంట్‌లోడు వాషింగ్‌ మెషీను మొరాయించింది. చూడవచ్చినతను మూత కూడా తీయకుండా “మోటర్‌ ఖరాబైంది సార్‌, కొత్తదేసుకోండ్రి” అన్నాడు. ఈ పూర్వపక్షాన్ని ఖండించడానికే కవి ఆటవెలది అందుకున్నాడు.

ప్రతిపదార్థం: మోటరు ఉరుముచుండు = మోటరు చప్పుడు చేయుచునే ఉన్నది; మూకుడు = డ్రమ్ము (యతి కోసం వంటింట్లోంచి తెచ్చాడు, పోనిద్దాం); కదలదు = బట్టలు సబ్బునీళ్లలో ఉన్నచోటే ఉన్నవి. చచ్చిన మోటరు ఉరమదు గనుక ఇది అనుమాన ప్రమాణం. ప్రత్యక్షం కావలసినవారు ప్లగ్గు పీకి డ్రమ్మును చేత్తో తిప్పాలి. ఏ పట్టూ లేకుండా గిరగిరా తిరిగిందా, బెల్టు తెగిందో జారిందో. వెనుక మూత విప్పితే అడుగున నల్లటి రబ్బరు పొడి సాక్ష్యం చెబుతుంది.

బేరమేల: ఇక్కడ వ్యాఖ్యాతలు చీలిపోయారు. బెల్టు ఖరీదెంతని బేరమాడటం అని ఉప్పల్‌ వారు. కాదు, పాతది ఇచ్చి కొత్త మెషీను తెచ్చుకునే షోరూము బేరం ఎందుకని నాచారం వారు. ఇండస్ట్రియల్‌ ఏరియా పక్కన కాపురాలు, బెల్టులూ పుల్లీలూ ఎరిగినవారు. వారి మాటే నాకు సమ్మతం.

మఱియొండు: ఏదో ఒకటి కాదు, అదే కొలతది. బెల్టు వీపున 1270 జె5 అని ఉంటే పొడవు 1270 మిల్లీమీటర్లు, జె అనేది గాడి రకం, గాళ్లకు సరిపడే గీరలు 5.

తాత్పర్యం: కొళాయి కట్టి, గీరలు లోపలివైపు ఉండేలా బెల్టును ముందు మోటరు చిన్న పుల్లీకి తగిలించాలి. తర్వాత పెద్ద పుల్లీ అంచుకు పట్టించి, చేత్తో మెల్లగా తిప్పితే అదే ఎక్కుతుంది. వేళ్లు జాగ్రత్త. ఒక్క గీర పక్కకు జరిగినా మళ్లీ తీయవలసిందే.

విశేషం: ముసురులో ఎండేమిటని ఆక్షేపణ. కవి తలచుకున్నది మే నెలను. 40 డిగ్రీలు దాటే ఆ ఎండకు డాబా మీద తీగ చాలు, డ్రయ్యరు దండగ. డాలస్‌ తెలుగువారి డ్రయ్యర్లలో బెల్టు డ్రమ్ము నడుముకే మొలతాడులా చుట్టి ఉంటుంది గనుక ‘వెనుక మూత’ వారికి చెల్లకపోవచ్చు.

పాఠాంతరం: నాలుగో పాదంలో ‘నాచారమెండ’ అని దిద్దబోయారు కొందరు. మొదటి రెండక్షరాలూ గురువులే. ఏ సూర్యగణంలోనూ పట్టలేదు.