అబద్ధానికి ఒత్తులు దిద్దినవాణ్ణి

ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. చేతిలో ఎర్రసిరా పెన్ను పోయింది గానీ ఆ బుద్ధి పోలేదు. శుభలేఖ అందుకున్నా ముందు వెతికేది అచ్చుతప్పులే, ముహూర్తం తర్వాత.

2022 జూలైలో గోదారికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు నేను చూళ్లేదు. ధవళేశ్వరంలో 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అదీ దాటేసి, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన సముద్రంలోకి వదిలారు. కోనసీమ లంకలు మునిగాయి. గట్టు మీద నిలబడి ఆ ఎర్రనీళ్లు చూసొచ్చిన రాత్రి నాకు అన్నం సయించలేదు.

అప్పుడొచ్చింది వాట్సాప్‌లో ఆ మెసేజీ. పడవలో ముసలమ్మ, ఒళ్లో పసివాడు, వెనక సగం మునిగిన కొట్టు. పక్కన క్యూఆర్ కోడ్. కింద "లంకల్లో వరధ బాదితులకు సాహాయం చేయండి" అని.

ఎవరు పంపారో చూడలేదు. డబ్బు ఎవరికి చేరుతుందో అడగలేదు. నా కంటికి ఆనిందల్లా ఒక్క వాక్యంలో మూడు తప్పులు. 'వరధ'కి ఒత్తు తీశాను, 'బాదితుల'కి ఒత్తు పెట్టాను, 'సా'కి దీర్ఘం తీసేశాను. 1,116 రూపాయలు పంపేసి, దిద్దిన మెసేజీని పూర్వవిద్యార్థుల గ్రూపులో పెట్టి కింద నా పేరు కూడా రాశాను. పద్నాలుగు మంది డబ్బులు వేశారు.

మూడోనాడు కాకినాడ నుంచి వచ్చిన మనవరాలు ఫోటోని వేళ్లతో సాగదీసి, "తాతయ్యా, ఆ కొట్టు మీద బోర్డు చదువు" అంది. కళ్లజోడు మార్చాను. గుండ్రటి అక్షరాలు. గుండ్రంగా ఉన్నాయి కదాని తెలుగే అనుకున్నాను. తీరా చూస్తే మలయాళం! పిల్ల ఫోటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి నిమిషంలో తేల్చేసింది: 2018 ఆగస్టు, కేరళ వరదలు.

పద్నాలుగు మందికీ ఫోన్ చేసి డబ్బు తిరిగిచ్చేస్తానన్నాను. ఒకడు మాత్రం పుచ్చుకోనన్నాడు. పి.గన్నవరం అవతల లంకలో అరటి సాగు వాడిది. తోట నీళ్లలో ఉండగానే అయిదొందలు పంపాడు.

"పోన్లెండి మాస్టారండీ. ఇలాంటివి రోజూ వస్తాయండి. ఆ తప్పుల తడక చూసి వదిలేస్తానండి. ఇది మీ తెలుగులో ఉందని నమ్మేశానండి."

మోసగాణ్ణి పట్టించేవి వాడి అక్షరదోషాలే. వాటిని చెరిపి, వాడి అబద్ధానికి పంతులు గొంతు అరువిచ్చినవాణ్ణి నేను.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపాక, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి 5 చాట్లకి మించి పంపకుండా కట్టడి చేసింది. ఆ రోజుల్లోనే గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పోలీసుల్ని ఊళ్లకి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ పుకార్లు నమ్మొద్దని జనానికి చెప్పించారు. నా తెలివికి ఆ అయిదు కూడా ఎక్కువే. ఒక్క గ్రూపు సరిపోయింది.

హైదరాబాదులో ఫ్యాక్ట్‌లీ వాళ్లు ఇలాంటి ఫోటోల గుట్టు తెలుగులోనే విప్పి రాస్తుంటారు. ఆ పనే చేసే ఆల్ట్ న్యూస్ సైటు జనం ఇచ్చే విరాళాలతో నడుస్తోంది. గుడి హుండీ తెలుసు, అన్నదానం చీటీ తెలుసు. ఏది అబద్ధమో కూర్చుని వెతికేవాడికి కూడా ఇంట్లో పొయ్యి వెలగాలని నాకెప్పుడూ తోచలేదు. ముక్కూమొహం తెలియని దొంగకి అడిగిందే తడవుగా 1,116 ఇచ్చాను కదా, అంతే మొత్తం ఆల్ట్ న్యూస్‌కీ పంపాను. ఈసారి సైటు పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాకే.

నిన్న గ్రూపులో ఇంకోటి వచ్చింది. 'ఆపరేషన్ ఖర్చుకి ఆర్దిక సాయం' అట. 'ర్ది' చూడగానే వేళ్లు దురద పెట్టాయి. ఫోన్ బోర్లించాను. ఆ తప్పుని తప్పుగానే ఉండనిచ్చాను.