ఆ మూడు పేజీలు ఎవరైనా చదివారా?

మా రోజుల్లో మాకవరపాలెం కుర్రాడు పెద్ద చదువుకి వెళ్లాడంటే అనకాపల్లి దాకా వెళ్లినట్టు. మరీ గట్టివాడైతే వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ. ఇప్పుడు మన తామరంలోనే ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. బీటెక్ చేతికొచ్చిన ఏడాదికల్లా పిల్లాడు డాలస్‌లోనో చికాగోలోనో తేలుతున్నాడు. సంతోషమే. పిల్లలు ఎదగకూడదని కోరుకునే మాస్టారు ఎక్కడా ఉండడు. వాళ్లు వెళ్తున్నందుకు కాదు నా కోపం. ఏ కాగితం పట్టుకుని వెళ్తున్నారో, ఆ కాగితం వాళ్ల దగ్గర ఏం మాట తీసుకుంటోందో చదవకుండా వెళ్తున్నందుకు.

మా నాన్నకి అక్షరం ముక్క రాదు. అయినా నర్సీపట్నం రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రాయించుకుంటే లేఖరి చేత రెండుసార్లు చదివించుకునేవాడు. సర్వే నంబరు, చెక్కుబందీ, గట్టు ఎవరిది, బాట ఎవరిది, అన్నీ విన్నాకే వేలిముద్ర. "ఉత్తరం దిక్కు ఎవులిది రాసినావు, మళ్లీ సదువు బావూ" అంటే లేఖరి విసుక్కునేవాడు. విసుక్కోనీ అని కూర్చునేవాడు మా నాన్న. ఇప్పుడు అదే పొలం, అదే జీడిమామిడి తోట బ్యాంకులో పెట్టి లక్షలు తెచ్చి పిల్లాణ్ణి పంపిస్తున్నారు. ఆ లక్షలన్నీ నిలబడ్డ కాగితాన్ని ఇంట్లో ఒక్కరూ చదవరు. చదువుకున్న పిల్లాడూ చదవడు.

మొన్న మా తమ్ముడి మనవడు విమానం ఎక్కే ముందు దండం పెట్టడానికి వచ్చాడు. అమెరికా కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం చూపించరా అంటే ఫోను తీశాడు. సెంటర్లో జిరాక్సు షాపుకి పంపి ప్రింటు తీయించాను. మూడు పేజీలు. మొదటి పేజీలో పైన నంబరు, పిల్లాడి పేరు, కాలేజీ పేరు, కోర్సు, ఎప్పుడు మొదలు, ఎప్పటికి పూర్తి, ఖర్చెంత, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి. అడుగున రెండు సంతకాలకి చోటు. ఒకటి కాలేజీది, రెండోది వీడిది. వీడి చోటు ఖాళీ.

"ఇదేంట్రా, నీ సంతకం లేదు?"

"కన్సల్టెన్సీ వాళ్లు చెప్పలేదు తాతయ్యా."

"ఆ సంతకం పైన ఏం రాసుందో చదివేవా?"

చదవలేదు. నేనే భూతద్దం పెట్టుకుని చదివి చెప్పాను. నేను షరతులు చదివాను, ఒప్పుకుంటున్నాను, ఈ కాలేజీలో పూర్తిస్థాయి చదువు కోసమే తాత్కాలికంగా వస్తున్నాను అని మాట ఇవ్వడం అది. చదివాను అన్న మాట కిందే చదవకుండా సంతకం పెట్టబోతున్నాడు పిల్లాడు. మూడో పేజీ నిండా ఆ షరతులే. పిల్లాడు మంచివాడు, తెలివైనవాడు, గేట్ రాశాడు. అయినా ఆ పేజీ తిప్పమని వాడికి చెప్పినవాడు లేడు. ఫీజు పుచ్చుకున్న కన్సల్టెన్సీ చెప్పలేదు. తోడు వెళ్లే స్నేహితులు చెప్పలేదు, వాళ్లకీ తెలియదు కనక.

వీసా స్టాంపు పడగానే సెంటర్లో ఫ్లెక్సీ కట్టేస్తున్నారు. చిలుకూరు బాలాజీ గుడికెళ్లి పదకొండు ప్రదక్షిణలకి మొక్కుకోవడం, వీసా వచ్చాక నూట ఎనిమిది తిరిగి మొక్కు తీర్చుకోవడం. మొక్కు తప్పని నేననను. కానీ ఆ వీసా ఏమిటి? గడప దాటడానికి అనుమతి, అంతే. లోపల ఎలా ఉండాలో, ఎంతకాలం ఉండాలో దాంట్లో ఉండదు. అది స్టేటస్ సంగతి. మన పిల్లలు ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. "ఐదేళ్ల వీసా ఉంది తాతయ్యా, ఏం భయం లేదు" అంటాడు. ఒరే నాయనా, వీసా తేదీ దాటిపోయినా చదువు సక్రమంగా సాగుతుంటే నిన్నెవడూ వెళ్లమనడు. వీసా ఇంకా నాలుగేళ్లున్నా అనుమతి లేకుండా ఒక్క సెమిస్టరు కోర్సులు తగ్గించుకుంటే స్టేటస్ పోతుంది. అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డు మీద తేదీ బదులు రెండక్షరాలు ఉంటాయి, డీ, ఎస్ అని. నువ్వు విద్యార్థిగా నడుచుకున్నంత కాలం ఉండొచ్చని వాటి భావం. 2025 ఆగస్టులో ఆ పద్ధతి తీసేసి నాలుగేళ్లకి మించకుండా తేదీ వేద్దామని అక్కడి ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది. ఇలాంటివి మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది చర్చించుకుంటున్నారో నాకు అనుమానమే.

వాల్తేరు హాస్టల్లో ఉన్నప్పుడు మాకు డెబ్బై అయిదు శాతం హాజరు అన్నది గుండెల మీద కూర్చునేది. రోజుకి ఒకసారైనా వేళ్ల మీద లెక్క వేసుకునేవాళ్లం. జ్వరం వస్తే ముందు డాక్టరు సర్టిఫికెట్టు, తరవాతే మందు. హాల్‌టికెట్టు ఆగిందంటే ఊళ్లో తల ఎత్తుకోలేమని. ఇప్పటి పిల్లలకి అంతకన్నా పెద్ద లెక్క ఉంది, వేళ్లు మాత్రం ఫోను మీదే. డిగ్రీ వాళ్లయితే సెమిస్టరుకి కనీసం 12 క్రెడిట్లు. మనవాళ్లు ఎక్కువగా చేసే ఎమ్మెస్‌కి కాలేజీయే నిర్ణయిస్తుంది, చాలాచోట్ల 9. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసేవాటిలో ఆ లెక్కకి వచ్చేది ఒక్క కోర్సే, మూడు క్రెడిట్లే. సబ్జెక్టు కష్టంగా ఉందని మధ్యలో వదిలేసేవాడు ముందుగా డీఎస్‌ఓని అడగాలి. ఆ డీఎస్‌ఓ అంటే విదేశీ పిల్లల కాగితాలు చూడ్డానికి ప్రతి కాలేజీలో ఉండే అధికారి. జబ్బు చేసినా, భాష అందకపోయినా కోర్సులు తగ్గించుకోవడానికి నిబంధనల్లోనే దారి ఉంది. వదిలేశాక వెళ్లి చెబితే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలి. మనవాళ్లు నలుగురూ ఐదుగురూ ఒక అపార్ట్‌మెంట్లో సర్దుకుని, నెలకో ఇల్లు మారి, పాత అడ్రసే ఉంచేస్తారు.

ఇక పని సంగతి. మా రోజుల్లోనూ పరాయి దేశంలో చదివినవాళ్లు కష్టపడ్డారు. 1920ల్లో బోస్టన్ వెళ్లిన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి చదువుకున్నారు. ఆ తరవాత కాలంలో దేశం దాటేవాడి చేతికి రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం ఎనిమిది డాలర్లు మాత్రమే వచ్చిన రోజులున్నాయి. అందుకని, కష్టపడొద్దురా అనే హక్కు నాకు లేదు. కానీ ఇప్పటి నిబంధన స్పష్టంగా ఉంది. కాలేజీ ఆవరణలో పని, తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు. మొదటి ఏడాది బయట పని కుదరదు. గ్యాస్ స్టేషన్‌లో రాత్రిపూట నగదు తీసుకుని చేసే పని స్టేటస్‌ని తినేస్తుంది. అప్పు నెలనెలా తరుముతుంటే పిల్లాడు అక్కడికి పోతాడని నాకూ తెలుసు. ఆ తరిమేది మనమే. పొలం పెట్టిన రోజునే "ఆర్నెల్లలో పంపించడం మొదలెడతాడు" అని లెక్కలు వేసుకున్న తల్లిదండ్రుల్ని నేను ఈ ఊళ్లోనే చూశాను. వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టాను కూడా.

ఇంత కట్టడి మొదటినుంచీ లేదు. అంతా కాగితాల మీద, ఉత్తరాల మీద నడిచేది. 1993లో న్యూయార్కు వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీద బాంబు దాడి చేసినవాళ్లలో ఒకడు విద్యార్థి వీసా మీద వచ్చి బడి ఎగ్గొట్టినవాడు. 2001 సెప్టెంబరు 11న విమానాలు నడిపినవాళ్లలో ఒకడు చదువు వీసా మీద వచ్చి బడి మొహమే చూడలేదు. ఇంకో ఇద్దరు హంతకులు చచ్చిపోయిన ఆరు నెలలకి, 2002 మార్చిలో, వాళ్ల విద్యార్థి అనుమతి మంజూరైందన్న కాగితాలు ఫ్లయింగ్ స్కూలుకి వచ్చాయి. దాంతో అమెరికా సిగ్గుపడి 2003 నుంచి సెవిస్ అనే కంప్యూటరు లెక్క పెట్టింది. అప్పణ్ణుంచీ పిల్లాడు ఏ కోర్సు చేరాడు, ఏది మానేశాడు, ఎక్కడ ఉంటున్నాడు అన్నది ఎప్పటికప్పుడు అక్కడ పడిపోతుంది. ఎవడో చేసిన పాపం మన పిల్లల మెడకి చుట్టుకుంది, నిజమే. చుట్టుకున్నాక లేదనుకుని తిరగడం కుదరదు.

దానికి సాక్ష్యం కావాలంటే 2011 జనవరి గుర్తు చేసుకోండి. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి మూతపడింది. పదిహేను వందల మందికి పైగా విద్యార్థులు, వాళ్లలో అత్యధికులు మనవాళ్లే, ఆంధ్ర పిల్లలే. సగానికి పైగా పిల్లల చిరునామా రికార్డుల్లో ఒకే అపార్ట్‌మెంటు! కొందరి కాళ్లకి జాడ తెలిపే పట్టీలు బిగించారు. ఆ ఫొటోలు పేపర్లో చూసి ఈ జిల్లాలో ఎంతమంది తల్లులు అన్నం మానేశారో. బడి నడిపినామెకి 2014లో పదహారున్నరేళ్ల జైలుశిక్ష పడింది. ఆవిడ శిక్ష ఆవిడకి పడింది, మన పిల్లల సంవత్సరాలు ఎవరిచ్చారు?

అది చూశాకైనా జాగ్రత్తపడ్డామా? 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది అసలు యూనివర్సిటీయే కాదు, అక్కడి ప్రభుత్వ అధికారులే పన్నిన ఉచ్చు. వెబ్‌సైటు ఉంది, ప్రభుత్వ జాబితాలో పేరుంది, ఫీజు కట్టే చోటు ఉంది. పాఠం చెప్పే మాస్టారు లేడు, తరగతి గది లేదు. అక్కడా చిక్కుకున్నవాళ్లలో చాలామంది తెలుగు పిల్లలు. మొదటి వారంలోనే పట్టుకున్న 130 మందిలో ఒక్కరు తప్ప అందరూ భారతీయులే. పిల్లల్ని చేర్పించి కమీషన్లు తీసుకున్న ఎనిమిది మంది దళారుల మీద కేసులు పడ్డాయి. తెలుగు సంఘాలు లాయర్లని పెట్టి పిల్లలకి ఆసరా ఇచ్చాయి, ఆ మేలు మరువకూడదు. ప్రభుత్వమే దొంగ బడి పెట్టి పిల్లల దగ్గర ఫీజులు తీసుకోవడం ఎంత మాత్రం ధర్మం కాదని నేను ఇప్పటికీ అంటాను. అదే నోటితో ఇంకో మాట కూడా అంటాను. బడి అసలుదా నకిలీదా తేల్చడానికి గూఢచారి అక్కర్లేదు, పాఠం జరుగుతోందా అని చూసుకుంటే చాలు. సెమిస్టరంతా ఒక్క పాఠం వినకుండా ఫీజు కట్టి, చేరిన రోజునుంచే ఉద్యోగం చేసుకోవచ్చు, డే వన్ సీపీటీ అని ఎవడైనా చెబితే, ఐ-20 మీద ఆ సంతకం ఎందుకు పెట్టావో గుర్తు తెచ్చుకోవాలి. సీపీటీ నిజమైనదే, చదువులో భాగంగా చేసే పనికి ఇచ్చేది. కానీ పూర్తి సమయం పన్నెండు నెలలు వాడేస్తే, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతి పోతుంది. ఈ మాట కమీషన్ తినేవాడు చెప్పడు.

అన్నీ సవ్యంగా చేసినా దెబ్బ తగలదని నేననడం లేదు. 2025 వసంతంలో నాలుగు వేల ఏడు వందల మందికి పైగా పిల్లల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దు చేశారు. చాలామంది చేసిన నేరం ట్రాఫిక్ చలానా స్థాయిది, కొందరిది అదీ లేదు. పిల్లలు కోర్టులకెక్కారు, ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరించింది. ఆ రోజు కోర్టులో నిలబడాలంటే చేతిలో ఉండాల్సింది ఏమిటి? పాత ఐ-20లన్నీ, మార్కుల జాబితాలు, ఫీజు రసీదులు, అడ్రసు మార్చినట్టు కాగితం. మేము పదో తరగతి హాల్‌టికెట్టు కూడా ట్రంకుపెట్టెలో దాచుకున్నవాళ్లం. ఫోను పోతే సర్వం పోయే ఈ పద్ధతి నాకు నచ్చదు. ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోమని మా మనవడికి ఫైలు కూడా కొనిచ్చాను.

ఇంకో సంగతి. తప్పు జరిగిపోతే దాచే అలవాటు మనవాళ్లకి ఎక్కువ. నాన్నకి తెలిస్తే గుండె ఆగిపోతుందని పిల్లాడు చెప్పడు, ఊళ్లో పరువు పోతుందని నాన్న ఎవరికీ చెప్పడు. ఆ లోపల నెలలు గడిచిపోతాయి. స్టేటస్ పోయినవాడికి మళ్లీ తెచ్చుకునేందుకు దరఖాస్తు చేసుకునే దారి ఉంది. కానీ మామూలుగా అయిదు నెలల లోపే అడగాలి, అనుమతి లేని ఉద్యోగం చేసి ఉండకూడదు. తప్పు తెలిసిన రోజునే డీఎస్‌ఓ గదికి వెళ్లినవాడికి ఉన్న అవకాశం, ఏడాది ఆగి వెళ్లినవాడికి ఉండదు. చదువు పూర్తయ్యాకా లెక్క ఆగదు. అరవై రోజుల్లో బయల్దేరడమో, పై చదువుకి మారడమో, ఓపీటీ దరఖాస్తు అందేలా చూసుకోవడమో ఏదో ఒకటి జరగాలి. ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు తొంభైకి మించకూడదు. ఈ తొంభై గురించి మొన్న ఒక తండ్రికి చెబితే, "మావాడు రెజ్యూమె పంపిస్తున్నాడు కదండీ మాస్టారూ" అన్నాడు. రెజ్యూమె పంపిన రోజు కూడా ఖాళీగా ఉన్న రోజే అని ఆయనకి అర్థమయ్యేసరికి టీ చల్లారిపోయింది.

2023–24లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది అని లెక్కలు వచ్చాయి, చైనాని దాటేశామని పేపర్లన్నీ రాశాయి. మన మండలం వాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. వాళ్ల ఇళ్లకి ఆదివారం రాత్రి వీడియో కాల్ వస్తుంది. తిన్నావా, చలిగా ఉందా, జాబ్ చూస్తున్నావా, ఇవే ప్రశ్నలు. ఈ సెమిస్టరు ఎన్ని క్రెడిట్లు తీసుకున్నావురా, ఇల్లు మారిన సంగతి కాలేజీకి చెప్పావా అని అడిగే తల్లీ తండ్రీ నాకు కనబడలేదు. తెలియకపోతే నా దగ్గరికి రండి, ఆ మూడు పేజీలూ తెలుగులో చదివి చెబుతాను. మా నాన్న లేఖరిని అడిగినట్టు మళ్లీ మళ్లీ అడగండి, నేను విసుక్కోను. సంక్రాంతికి పిల్లాడు వస్తున్నాడన్న ఇళ్లవాళ్లు మాత్రం ముందు రండి. టికెట్టు కొనక ముందే రెండో పేజీలో డీఎస్‌ఓ ప్రయాణ సంతకం చూసుకోవాలి. ఏడాది దాటిన సంతకం చెల్లదు, ఓపీటీలో ఉన్నవాడికైతే ఆరు నెలలే. వీసా గడువు అయిపోయినవాడికి ఇక్కడ మళ్లీ స్టాంపింగ్‌కి హైదరాబాద్‌లో స్లాటు దొరకాలి. దొరకదనుకుంటే ఈ పండక్కి అక్కడే ఉండిపొమ్మనండి, అరిసెలు కొరియర్‌లో పంపుదాం.