బూస్టర్ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం:

బేసు వినబడదని పెట్టుము బూస్టరు
రెండు పెట్టు మపుడు రేగకున్న
మూడు పెట్టుమయ్య ముంగిళ్ళు పగులగా
టోను పుట్టు నదియె టోను సుమ్ము!

అవతారిక: ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ లేదు. కొల్లాపూర్‌లో ఒక పెండ్లిలో ఆర్కెస్ట్రా కాస్త ఊపిరి పీల్చుకున్న వేళ, బేస్ గిటార్ వాయించే తమ్ముడొకడు బగారన్నం తింటూ నాకు ఉపదేశించిన శాస్త్రసారం. ఆయన వచనంగా చెప్పాడు, ఆటవెలది నాది. మాటకు ముందొక 'టోన్', వెనకొక 'హెడ్‌రూమ్', నడుమ 'ట్రాన్స్‌పరెంట్'. ఈ మూడోదాని అర్థమేమిటని అడిగాను. "అది ఇంటెనే తెలుస్తదన్నా, చెప్తె సమజ్ కాదు" అన్నాడు. అనుభవైకవేద్యమన్నమాట. పరబ్రహ్మానికి వాడే విశేషణం, కాలితో నొక్కితే చప్పుడు పెంచే తొమ్మిది వోల్టుల బూస్టరు డబ్బాకు దిగివచ్చాక టీక రాయక తప్పదు.

ఛందస్సు: ఆటవెలది. మొదటి పాదంలో 'బే'కు 'పె'తో యతి. బ, ప ఒకే వర్గంవి కనుక చెల్లుతుంది. చెల్లదనేవారు అప్పకవిని అడగండి. కాకునూరి అప్పకవి మన పాలమూరు సీమవాడే. అప్పకవీయం 1656 నాటిది. ఆయన యతులను స్వరాల్లో 12, వ్యంజనాల్లో 18, ఉభయాల్లో 11గా పంచి 41 అని తేల్చాడు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుంది? సుమారు 41. ఇది కాకతాళీయమని నాస్తికులు అనవచ్చు. టీకాకారుడు అనడు.

అప్పకవి పేరెత్తాక ఎలకూచి బాలసరస్వతిని తలవకపోతే ఈ నేలకు అపచారం. ఆంధ్రశబ్దచింతామణికి తెలుగులో టీక రాసినవాడు, జటప్రోలు సంస్థానం ఆదరించిన మహామహోపాధ్యాయుడు. ఆ చింతామణి ఆయనకెలా దొరికిందో అప్పకవి ఒక కథ చెప్తాడు. నన్నయ రాసిన వ్యాకరణాన్ని అసూయతో భీమకవి గోదావరిలో కలిపాడట. చిన్ననాడే దాన్ని నోటికి పట్టిన రాజరాజు కొడుకు సారంగధరుడు సిద్ధుడై బతికి, వందల ఏండ్ల తర్వాత మతంగ పర్వతం దగ్గర దాన్ని బాలసరస్వతికి అందేలా చేశాడట. అసలా గ్రంథం నన్నయదేనా అని పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి. కథ నాకిష్టం. ఒక పుస్తకాన్ని నీళ్లలో కలిపేంత అసూయ, దాన్ని శతాబ్దాలపాటు గుండెలో మోసేంత ధారణ, రెండూ వ్యాకరణం కోసమే!

ఇంతటితో ఊరుకున్నాడా బాలసరస్వతి? రాఘవయాదవపాండవీయం రాశాడు. ఒకే పద్యం రాముడి కథ, కృష్ణుడి కథ, పాండవుల కథ మూడూ చెప్పాలి. సంస్థానాధీశుడు సురభి మాధవరాయలు తక్కువ తిన్నాడా? చంద్రికాపరిణయమనే ప్రబంధం రాసిపెట్టాడు. దాని శ్లేషల అడవిలో దారి తప్పకుండా తర్వాత ఇద్దరు పండితులు, వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి, శరదాగమమనే వ్యాఖ్య చేశారు. పాత జటప్రోలు ఇప్పుడు శ్రీశైలం జలాశయం కింద ఉంది. మదనగోపాలస్వామి గుడిని విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. రాజధాని అంతకు చాలా ముందే కొల్లాపూర్‌కు వచ్చింది. నీళ్లు ఊరిని ముంచాయిగానీ వ్యాఖ్యను ముంచలేదు. ఇక్కడి మామిడితోటల్లో కూర్చున్న ఎవడికైనా టీక రాయాలనే దురద పుట్టడం నేల గుణం. అవసరం లేనిది చెప్పనని మెదకు సీమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. నేను పట్టలేదు.

ఏ పద్యం గురించి చెప్తున్నాను? ఆఁ, బూస్టరు.

ప్రతిపదార్థం: పెట్టుము, రెండు, మూడు, అయ్య: ఇవి సుగమం. బూస్టరు కూడా సుగమమే, కొట్టువాడు బిల్లు రాసేటప్పుడు బోధపడుతుంది.

'వినబడదని': పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఎందుకు వినబడదు? మంద్రస్వరాలకు మన చెవి సగం చెవిటిది. ఒకే బలంతో మోగినా, హెచ్చుస్వరం వినబడ్డట్టు మంద్రం వినబడదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే గీతలు గీసి చూపారు. అసలీ వాద్యమే వినబడని బాధలోంచి పుట్టింది. మనిషంత ఎత్తున్న కట్టె బేస్ బ్యాండు హోరులో మునిగిపోతుంటే 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చింది. కాబట్టి తమ్ముడి బాధ నిజమే. కారణం మాత్రం ఆయన వెతికిన చోట లేదు. కీబోర్డు అన్న ఎడమచేత్తో అవే స్వరాలు వాయిస్తున్నాడు. ప్యాడ్ తమ్ముడి కిక్ ఆ జాగాలోనే దబదబలాడుతోంది. ముగ్గురూ ఒకే గడపలో ఇరుక్కుని ఒకరినొకరు తోసుకుంటుంటే, వారిలో ఒకడికి బూస్టు పట్టించి ఏం లాభం?

'బూస్టరు... రెండు... మూడు': క్రమాలంకారం. గణితం చూడండి. ఎమ్‌ఎక్స్‌ఆర్ మైక్రో ఆంప్ అనే ప్రసిద్ధ డబ్బా 26 డెసిబెల్స్ దాకా పెంచుతుంది. అంటే వోల్టేజి ఇరవై రెట్లు, శక్తి నాలుగు వందల రెట్లు. వంద వాట్ల ఆంప్ అప్పటికే నిండుగా మోగుతుంటే ఆ నలభై వేల వాట్లు ఎవరిస్తారు? ఫంక్షన్ హాలు జనరేటరా? ఆంప్ తనకున్నంతే ఇచ్చి, తరంగం తల నరికి, గరగర వినిపిస్తుంది. ఆ గరగరనే తమ్ముడు 'వార్మ్‌త్' అన్నాడు. మరొక సూక్ష్మం: బూస్టర్లలో అన్నీ ఒక జాతి కావు. డల్లాస్ రేంజ్‌మాస్టర్ లాంటివి పైస్వరాలను లేపి మంద్రాన్ని కోస్తాయి. పేరులో బూస్టరుందని దాన్ని బేస్ వాద్యకారుడికి అంటగట్టిన దుకాణదారుడి పేరు నేను చెప్పను, ఆయన బాగుపడాలి.

శిష్టప్రయోగం: ఇళయరాజా పాటల్లో శశిధరన్ వాయించిన బేస్. డొక్కు టేప్‌రికార్డరులో విన్నా ప్రతి మెట్టూ లెక్కపెట్టవచ్చు. పాట కట్టినాయన మిగతా వాద్యాలను అక్కడ నోరు మూసుకోమన్నాడు.

'ముంగిళ్ళు పగులగా': అతిశయోక్తి అనుకున్నాను, స్వభావోక్తి. ఆ పెండ్లిలో పెండ్లికూతురి అమ్మమ్మ మంగళహారతి పాడింది. పెదవులు కదలడం చూశాను. అంతే. అరవై ఏండ్లుగా ఆ ఇంటి ఆడపిల్లలందరికీ పాడిన గొంతు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, కాలితో ఆ డబ్బా నొక్కి ఆపలేదు. అలంకారశాస్త్రం ఇక్కడ నాకు పనికిరాలేదు.

ధర్మశాస్త్రవిరోధం: 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు మూయాలి, ఇళ్లున్న చోట పగలైనా 55 డెసిబెల్స్ మించరాదు. ఈ స్మృతికి మన దగ్గర వ్యాఖ్యాతలు ఎక్కువ, ఆచరించేవారు తక్కువ.

పాఠాంతరం: చివరి పాదంలో 'పుట్టు నదియె' అన్న చోట 'పుట్టనిదియె' అని మరో పాఠం. గణం చెడదు, అర్థం బాగుపడుతుంది. నేను దాన్నే గ్రహిస్తాను.

తాత్పర్యం: తమ్మీ, ఒక్క బూస్టరు చాలు. ఆంప్ సగంలో ఉంచి, బూస్టరు ఆపినా వేసినా చప్పుడు దాదాపు సమానంగా ఉండేట్టు తిప్పుకో. నీ ఒంటరి వరస వచ్చినప్పుడు మాత్రం కొంచెం లేపి, అయిపోగానే కాలు తియ్యి. డ్రైవ్ పెడల్ ఉంటే బూస్టరు దాని తర్వాత పెట్టు. ముందు పెడితే గరగర పెరుగుతుంది, చప్పుడు పెరగదు. బురద బురదగా ఉంటే రెండు మూడు వందల హెర్ట్జ్ దగ్గర తగ్గించి, వెయ్యికి కాస్త ఇటు పెంచు, వేలి దెబ్బ తెలుస్తుంది. దానికన్నా ముందు కీబోర్డు అన్నను ఎడమచెయ్యి తియ్యమను. తియ్యనంటే సోమశిల రేవు దగ్గరే. భీమకవి పద్ధతిలో మిగతా రెండు డబ్బాలు కృష్ణలో కలుపు. సారంగధరుడి అవసరం రాదు, మళ్లీ ఆర్డర్ పెడితే కొరియర్‌లో వస్తాయి.

తర్వాతి పద్యం డీజే బండి మీద. రాత్రి పది దాటాక, చప్పుడు ఆగితే, టీక మొదలుపెడతాను.