కర్త ఎవరైతే మనకేంటి? యారాడ కుర్రాళ్లకు ఇంగ్లీషు చిట్కాలు

యారాడలో పుట్టి ఇంగ్లీషు వాక్యం కోసం బెంగ పెట్టుకోవడం దండగ. కొండ దాటి గాజువాకలో ట్యూషన్‌కి వెళ్లొచ్చినవాడికీ, సాయంత్రమంతా బీచ్‌లో పడుకున్నవాడికీ టెన్త్ ఇంగ్లీషులో పాస్ మార్కులు అవే 35. కాబట్టి పడుకున్నవాడి దారే చెబుతాను.

1. కర్తను వెతక్కండి. తెలుగులో ‘వచ్చాను’ అంటే వచ్చింది నేనేనని క్రియే పట్టిచ్చేస్తుంది. ఇంగ్లీషు ‘కేమ్’కి ఆ చాడీబుద్ధి లేదు. నేనొచ్చినా, ఊరంతా వచ్చినా అదే ‘కేమ్’. అందుకే దానికి ముందు కర్త తప్పనిసరిగా ఉండాలంటారు. మీరు పెట్టకండి. ‘బ్రోక్ ది విండో’ అని రాసి ఊరుకోండి. కిటికీ పగలగొట్టింది ఎవరో హెడ్మాస్టారే తేల్చుకుంటారు. మరీ నిలదీస్తే ‘ది విండో వాజ్ బ్రోకెన్’ అనండి. దీన్ని పాసివ్ వాయిస్ అంటారు. వ్యాకరణం మొత్తంలో దోషులకు పనికొచ్చే పాఠం ఇదొక్కటే, దీన్ని మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి.

2. మాటల్ని ఎక్కడ పడితే అక్కడ కూర్చోబెట్టండి. ‘పీత టూరిస్టుని కరిచింది’ అన్నా, ‘టూరిస్టుని పీత కరిచింది’ అన్నా మనకి ఒకటే. ‘ని’ కాపలా కాస్తుంది. ఇంగ్లీషులో ఆ కాపలా లేదు. క్రియకు ముందున్నవాడు కర్త, తర్వాత ఉన్నవాడు కర్మ, అంతే. ‘టూరిస్ట్ బిట్ క్రాబ్’ అని రాస్తే టూరిస్టే పీతను కొరికినట్టు. దిద్దకండి. మాస్టారు ఎర్ర ఇంకుతో సున్నా చుడితే, “ఆకలేసిందేమో సార్” అనండి. నిజానికి మన బీచ్‌కి వచ్చేవాళ్ల తిండి చూస్తే అది తప్పని నేనూ చెప్పలేను.

3. ‘ఈజ్’ని ఉప్పులా చల్లండి. ‘మాది యారాడ’లో క్రియే లేదు, అయినా వాక్యం నిలబడింది. ఇంగ్లీషులో అలా కుదరదట. సరే, ‘ఐ యామ్ గో’, ‘హి ఈజ్ కేమ్’ అని దొరికిన చోటల్లా వేసెయ్యండి. మార్కులు పోతే పోతాయి గానీ, తక్కువైందని ఎవరూ అనలేరు.

4. ప్రశ్నకు ‘డు’, ‘డిడ్’ మోసుకురావడం బరువు పని. ‘యు వెంట్?’ అని కనుబొమ్మ ఎగరేయండి. జవాబు పేపరు మీద కనుబొమ్మ కనపడదు కాబట్టి అక్కడ రెండు క్వశ్చన్ మార్కులు పెట్టండి.

5. జీవితానికి ఒక్క లీవ్ లెటర్ చాలు. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అన్నది అన్నయ్య నోట్సులో ఉంటుంది. తేదీ మార్చండి. ‘ఫీవర్’ తీసి అవసరమైంది దూర్చండి. దసరా వెళ్లాక విజయనగరం సిరిమాను ఉత్సవానికి వెళ్లాలంటే ‘సఫరింగ్ ఫ్రమ్ సిరిమాను’. వాక్యం ఎముకలు కదలవు, మీకు సెలవొస్తుంది. పైడితల్లి అమ్మవారు ఏమీ అనుకోదు.

6. పుస్తకాలు తెరవకండి. ప్రభుత్వ బళ్లలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లీషు పేజీలకు పిన్ను కొట్టేయండి. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ అట్ట వేసి బల్ల మీద పెట్టండి, చుట్టాలు వచ్చినప్పుడు పనికొస్తుంది. మొదటి పాఠమే వాక్యం గురించి, అక్కడికి పొరపాటున కూడా వెళ్లకండి. ఆ రెన్ 1924లో ‘బో జెస్ట్’ అనే నవల రాశాడని చెబితే చాలు, మీరు పుస్తకం నమిలేశారనుకుంటారు.

7. ఇంటర్వ్యూకి వెళితే వాక్యం మొదలుపెట్టొద్దు. మొదలుపెడితే ముగించాలి. ‘యాక్చువల్లీ’, ‘బేసికల్లీ’, ‘యా’ అనండి. వీటికి కర్తా అక్కర్లేదు, క్రియా అక్కర్లేదు. ఉద్యోగం రాకపోతే ఇంటి దగ్గర, “షిఫ్టు డ్యూటీ అన్నారు, నేనే వద్దన్నాను” అని చెప్పండి. ఇది మాత్రం చక్కటి తెలుగులో, కర్త కర్మ క్రియ అన్నీ సరిగ్గా ఉండేలా చెప్పండి. అమ్మ నమ్మాలి కదా.

ఇవన్నీ పాటించినా 34 వస్తే కంగారు పడకండి, రీకౌంటింగ్‌కి ఫీజు కట్టండి. అదీ దక్కకపోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉండనే ఉంది. ఆ పరీక్ష రోజుకి మాత్రం లీవ్ లెటర్ పనిచేయదు.