మాడ్రిడ్డులో మాచర్ల చిరంజీవి

విదేశములకు చదువుకొన బోవు మనవారిలో జాతులు పెక్కు కలవు. అమెరికాకు పోవువాడొక జాతి. వానిని గూర్చి క్రొత్తగా వ్రాయుటకేమియు మిగులలేదు, ఏలయన డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న అట్టివాని చరిత్రము పల్నాటి అరుగులమీద నిత్యపారాయణమై యున్నది. ఫీజు లేదని విని జర్మనీకి పోవువాడు మఱియొక జాతి. నేనిప్పుడు ప్రస్తావింపబూనినవాడు ఈ రెండింటికిని చెందక, నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములందు ఈ నడుమ అక్కడక్కడ పొడసూపుచున్న స్పెయినువాడు. వానికి బడిలో ఒక పేరు, ఇంటిలో ఒక పేరు ఉండవచ్చును గాని, ఈ వ్యాసమునకు వాడు చిరంజీవియే.

చిరంజీవి స్పెయినును కోరి వరించినవాడు కాడు. వాని తొలివలపు అమెరికా. కాన్సులేటు కిటికీ ముందర మూడే ప్రశ్నలలో ఆ వలపు భగ్నము కాగా, చిన్నబోయిన మొగముతో గుంటూరున ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కిన వానికి, ఆ గదిలోని పెద్దమనిషి గోడమీది పటమున వ్రేలుంచి, “మాడ్రిడ్డులో ఎం.బి.ఏ. అండీ, మొత్తం ఇంగ్లీషులోనే చెప్తారు” అని అభయమిచ్చెను. ఆ వాక్యము అక్షరాల సత్యము. కళాశాల గుమ్మము లోపల ఇంగ్లీషే. గుమ్మము వెలుపల ఏమి మాటలాడుదురో ఆయన చెప్పలేదు, చిరంజీవి అడుగలేదు. ఊరిలో మాత్రము ప్రశ్నలు తప్పలేదు. “స్పెయినా? అది అమెరికాలో ఏ పక్కనుంది?” అని రచ్చబండ యడుగగా, చిరంజీవి తండ్రి యొక్క క్షణము తటపటాయించి, “అమెరికాకు దారి కనిపెట్టిందే ఆళ్ళంట!” అని వంశగౌరవమును నిలబెట్టెను.

ప్రయాణసన్నాహమును గూర్చి విస్తరింపను. పట్టాకును, పోలీసువారొసగిన సచ్ఛీలతాపత్రమునకును అపోస్టిల్ ముద్ర వేయించి, పిమ్మట స్పానిషులోనికి మార్పించుటతో మాచర్ల కుఱ్ఱవాని సచ్ఛీలము సెర్వాంటెస్ వ్రాసిన భాషలో స్థిరపడినదని చెప్పిన చాలును. పెట్టెల సంగతి వేఱు. 23 కిలోల పెట్టెలు రెండింటిలో బట్టలకు మిగిలిన చోటు స్వల్పము. తక్కినదంతయు కారము, కందిపొడి, గోంగూర పచ్చడి, ఆవకాయ, ఒక ప్రెషర్ కుక్కరు. బయటి ప్రయాణికులు మాంసమును, పాడిపదార్థములను తమ దేశములకు తేరాదని యూరపువారు నిషేధించిరన్న వార్త శంషాబాదునకు చేరినపిమ్మట గాని తెలియమిచే, నెయ్యిడబ్బాయు, నాటుకోడి పచ్చడియు సాగనంప వచ్చిన మేనమామ చేతికి మారెను. ఆయన “నాకెందుకురా” అని ఒక్కసారి అని, రెండవసారి అనలేదు.

మాడ్రిడ్డున దిగిన క్రొత్తలో ఆ దేశమును పరీక్షించుటకు చిరంజీవి వినియోగించిన సాధనము నాలుక యొక్కటియే. ప్రాడో చిత్రశాలలో వెలాస్కెత్, గోయాల చిత్రములు కలవనియు, దినమున చివరి రెండు గంటలు ఎవ్వరైనను ఉచితముగ చూడవచ్చుననియు వాడెఱుగును. కాని ఆ రెండు గంటలును వాడు సూపరుబజారులో తిరుగుచుండును. అచ్చట ఒకనాడు ఎఱ్ఱని రేకుడబ్బాలో పిమెంతోన్ అను పొడి కంటబడెను. రంగు చూడగా అచ్చముగా మిల్లు పట్టించిన మన కారమే. వాడు ఆనందబాష్పములతో దానిని కొనిపోయి, పప్పులో నాలుగు చెంచాలు వేసి, ఇక మీద వచ్చు బాష్పములకు సిద్ధపడి ముద్ద నోట బెట్టుకొనెను. బాష్పములు రాలేదు, పొగవాసన వచ్చెను. లా వేరా అను సీమలో ఆ కాయలను ఓక్ కట్టెల పొగమీద ఆరబెట్టుదురనియు, తీపి, తీపిచేదు, కారము అని మూడు రకములు చేయుదురనియు, తాను తెచ్చినది తీపిదనియు వానికెవ్వరు చెప్పుదురు? “మిరపకాయలో తీపేందమ్మా!” అని ఆ రాత్రి తల్లితో వాపోయెను. ఆమెయు ఆ దేశముపై ఆశ వదలుకొనెను.

ఇచ్చట నేనొక్క మాట చెప్పక తప్పదు. 1493లో కొలంబసు తొలియాత్ర నుండి మరలి వచ్చుచు మిరపను స్పెయినునకు తెచ్చెను. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలు దానిని మన పడమటి తీరమునకు చేర్చెను. అటనుండి అది ఊరూర తిరిగి తిరిగి తుదకు పల్నాటి నల్లరేగడిలో అత్తవారింట కోడలివలె నిలద్రొక్కుకొని, పెత్తనమంతయు చేజిక్కించుకొనెను. పల్నాటి వీరచరిత్రను పాడిన శ్రీనాథుడు ఈ సీమలో తిరుగుచు, ఇచటి జొన్నకూటిని, రాళ్ళను, నీటియెద్దడిని తిట్టెనని చాటువులు చెప్పుకొందురు గదా. ఆ మహాకవి మొగము చిట్లించిన విస్తరిలో జొన్నయుండెను గాని మిరప లేదు, ఉండుటకు వీలును లేదు. కొలంబసు నాటికి ఆయన గతించి చాలకాలమాయెను. అనగా శ్రీనాథుడు మన తిండిని తిట్టుటకు మనకడ కారము లేకుండుట యొక కారణమేమో! ఇప్పుడు మన చిరంజీవి అదే మొగముతో స్పెయినువారి విస్తరిని తిట్టుచున్నాడు. మిరప మీకు వారిద్వారా వచ్చినదే నాయనా యని చెప్పిచూడుడు, “అయితే గుంటూరు మిర్చియార్డు ఎవరిదండీ?” అని యెదురు ప్రశ్న వేయును.

వాని పరువు నిలిచిన దినమొకటి కలదు. తరగతివారు వానినొక పానశాలకు తోడ్కొని పోయి, పాద్రోన్ మిరపకాయలు తెప్పించిరి. ఇవి గలీసియా సీమవి. బొటనవ్రేలంత పచ్చికాయలు, ఓలివ్ నూనెలో వేయించి, గల్లుప్పు చల్లి, తొడిమలతోనే పళ్ళెము నిండ తెత్తురు. పెక్కు కాయలు చప్పనివి, ఏదో యొకటి కారము; ఏది కారమో కొఱికినవానికి గాని తెలియదు. కోడిపందెమునకై రాజ్యములు పోగొట్టుకొన్న సీమలో పుట్టినవానికి ఈ యాట రుచింపకుండునా? అందఱును ఒక్కొక్క కాయ తీసికొని, కన్నులు మూసి, కొఱికిరి. వారిలో ఆజానుబాహువగు యువకుడొకడు హఠాత్తుగా కందగడ్డవలె నెఱ్ఱబాఱి, బల్ల చఱచి, గ్లాసెడు బీరు గడగడ త్రాగెను. కూడినవారు చప్పట్లు కొట్టిరి. చిరంజీవి వానికి పొలమారినదనుకొని వెన్ను తట్టెను. విషయము తెలిసినపిమ్మట, ఆ కారమేదో తానును చూడగోరి, పళ్ళెములో మిగిలిన కాయలన్నింటిని వరుసగా నమలి, తొడిమలను ఒకప్రక్క కుప్పగా పెట్టి, “ఏది, ఇందులో లేదే?” అని సవినయముగ విచారించెను. పిదప జేబులోని పొట్లము విప్పి, తేజ మిరప కారమును ఉప్పుతో కలిపి ఒక యంచున పోసి, అంటించుకొమ్మని చూపెను. ఒక్కడు వ్రేలికొనతో అంటించుకొనెను. ఆ రాత్రి శేషభాగమును ఆతడు పెరుగుడబ్బాలతో గడపెనని వినికిడి. మఱునాటినుండి తరగతిలో చిరంజీవికి ముందువరుసలో స్థలము దొరకుచున్నది.

యూరపులో మెల్లగా మాటలాడవలెనని కన్సల్టెన్సీవారు బోధించియుండిరి. పాపము వాడు ఆ యుపదేశమును శిరసావహించి, గొంతు తగ్గించి, అంతటను ఎవ్వరికిని వినబడకుండ మాటలాడుచుండెను; చుట్టునున్న స్పెయినువారందఱు నరసరావుపేట బస్టాండులో వలె నొకరిమీద నొకరు కేకలు వేసికొనుచుండిరి. మన సీమకు దగ్గఱి పోలికలు కలిగిన యూరపుదేశము మఱియొకటి దొరకుట యరుదు, దొరకినది చిరంజీవికే, దానిని గుర్తింపనివాడును చిరంజీవియే. మాడ్రిడ్డు మెట్రోరైళ్ళు 1919లో ప్రారంభమైన నాటినుండి నేటివఱకు ఎడమచేతి వైపుననే నడచుచున్నవి, మన రోడ్లవలె. ఒక్క యా విషయమున మాత్రము వాడు ఆ దేశమును మెచ్చుకొనెను.

భోజనవేళల కడ వాని కోపము పరాకాష్ఠ నందును. స్పెయిను గ్రీనిచ్చి రేఖకు దాపుననే యున్నను, 1940లో ఫ్రాంకో ప్రభుత్వము గడియారమును గంట ముందునకు త్రోసి జర్మనీవారి కాలముతో జతపఱచెను. త్రోసిన ముల్లు నేటికిని వెనుకకు రాలేదు. తత్ఫలితముగ పగటిభోజనము రెండు మూడు గంటలకు, రాత్రిభోజనము తొమ్మిది పదింటికి. పన్నెండుగంటలకే ఆకలిగొని పోయిన చిరంజీవికి ఫలహారశాలలో బల్లలమీద బోర్లించిన కుర్చీలు స్వాగతమిచ్చును. సరే, తరువాత కూరగాయలైన కొందమని రెండుగంటలు దాటిన పిమ్మట వీధిన బడినచో, చిల్లర దుకాణములకు షట్టర్లు. అయిదింటికి గాని తెఱవరు. “పట్టపగలు కొట్లు కట్టేసి పడుకుంటన్నారమ్మా, ఈళ్ళెట్టా బాగుపడతారో!” అని వాడు ఫోనులో విస్తుపోగా, తల్లి, “మజ్జాన్నం అంతా మీ నాయనేం జేశాడనుకున్నావు? వేపచెట్టు కింద మంచమేసుకుని ఒకటే గురక,” అనెను. ఎండకాలమున రాష్ట్రమునకెల్ల పేరుమోసిన రెంటచింతల యెండలు ప్రక్కనే పెట్టుకొని పెరిగినవాడు, అపరాహ్ణనిద్రను వింతగ చెప్పుకొనుట యామెకు బోధపడలేదు. నాకును బోధపడలేదు.

ఇక రాజకార్యము. ఆ దేశమున ప్రతి మనుజునకు ఇంటిపేర్లు రెండు: సాధారణముగ తండ్రివైపుది మొదటిది, తల్లివైపుది రెండవది, స్త్రీలు పెండ్లియైనను తమ ఇంటిపేరు మార్చుకొనరు. అద్దె యింటి చిరునామాను పురపాలక కార్యాలయమున నమోదు చేయించుకొన బోయిన చిరంజీవిని కాగితముపై రెండవ గడి వెక్కిరించెను. ఖాళీగ విడిచినను ఏమియు కాదని వానికి తెలియదు. తల్లికి ఫోను చేసి, ఆమె పుట్టింటివారి పేరు ఇంగ్లీషు అక్షరములలో నెట్లు వ్రాయవలెనని యడిగెను. ఆమె యాశ్చర్యమునకు మేర లేదు. పెండ్లియైన నాటినుండి రేషను కార్డునందు గాని, ఓటరుజాబితాలో గాని, శుభలేఖలలో గాని కానరాని తన పుట్టింటి పేరును ఇంతకాలమునకు ఒక దొరతనము, అదియు సముద్రములకావలి దొరతనము, నోరు తెఱచి యడిగెను. అక్షరములు రెండుసార్లు చెప్పి, సరిగ వ్రాసెనో లేదో చదివించుకొని, భర్త వినునట్లు బిగ్గఱగ, “మంచి దేశం లాగుందిరా,” అనెను.

చిరునామా యటులుండగా, ఆఱునెలలకు మించి యుండదలచిన పరదేశి దిగిన నెలలోపల విదేశీయుల గుర్తింపుకార్డునకు దరఖాస్తు పెట్టుకొనవలెను, పోలీసువారికి వ్రేలిముద్రలీయవలెను. అందులకు ముందుగ కంప్యూటరులో సమయము పుచ్చుకొనవలెను. ఈ ముందస్తు సమయమును వారు ‘సీతా’ యందురు. మన పిల్లలు తెల్లవాఱుజామున లేచి, అర్ధరాత్రి మేల్కొని, చేయు సీతాన్వేషణమును చూచిన నాకు వాల్మీకి తలపునకు వచ్చును గాని, హనుమంతుడు వారికింకను దొరకలేదు. ఎన్నిమారులు నొక్కినను తెరమీద ప్రస్తుతము ఖాళీలు లేవను ఒక్కటే మాట. ఈ వ్యవహారము నేటిది కాదు. మారియానో హొసే దె లార్రా యను హాస్యవ్యాసకర్త 1833లోనే రేపు రమ్మను ఉద్యోగులను గూర్చి యొక వ్యాసము వ్రాసి, పదునైదు దినములలో పనులు చక్కబెట్టుకొని పోవుదునని వచ్చిన పరదేశి నొకనిని ఆఱునెలలు త్రిప్పి త్రిప్పి వట్టిచేతులతో ఇంటికంపెను. చిరంజీవి అదృష్టమేమనగా, లార్రాను చదువగల స్పానిషు వానికింకను రాలేదు.

వచ్చిన స్పానిషు నాలుగు మాటలు: ఓలా, గ్రాసియాస్, వాలే, మాన్యానా. ఈ నాలుగింటితో వాడు మూడవ వారమునకే ఆచార్యపీఠ మెక్కెను. ప్వెర్తా దెల్ సోల్ కూడలిలో చెట్టు నానుకొని నిలుచున్న ఎలుగుబంటి విగ్రహము ముందర ఫోను నిలిపి, “హాయ్ ఫ్రెండ్స్, స్పెయిన్ రావాలనుకునే మన పల్నాడు వాళ్ళకు ఐదు టిప్స్” అని వీడియోలు చేయుచుండును. సత్తెనపల్లి నుండి, పిడుగురాళ్ళ నుండి తమ్ముళ్ళు, “అన్నా, ఇంగ్లీషు సరిపోద్దా అన్నా?” అని యడుగుదురు. “మొత్తం ఇంగ్లీషేరా!” అని వాడును అభయమిచ్చును.

మొన్న ఆదివారము తండ్రితో జరిగిన సంభాషణము ఇది.

“కార్డు చేతికొచ్చిందంటరా?”

“యాడ నాయనా, అపాయింటుమెంటే దొరకటంలా. రేపు చూడు, రేపు చూడు అంటంది.”

“పాసుపుస్తకం కోసం నేను తాలూకాఫీసు చుట్టూ ఎన్ని చెప్పులరగదీశానో నీకు తెలుసుగా. లోపలి పెద్దాయన్ను అడిగితే పనవదురా పిచ్చోడా. బయట బల్ల మీద ఒకడు కూర్చోనుంటాడు. ఆణ్ణి పట్టుకో.”

“ఇక్కడ బల్ల మీద ఎవురూ ఉండరు నాయనా. అంతా కంప్యూటరే.”

తండ్రి కొంతసేపు దీర్ఘముగ నాలోచించెను.

“పొద్దున్నే ఆ కంప్యూటరు ఆన్ చేసేవాడెవడో కనుక్కో,” అనెను.