పదమూడు కొట్టిన గడియారం

ఈ గడియారం అర్ధరాత్రి పన్నెండు కొట్టి ఆగకుండా పదమూడో గంట కూడా కొట్టిందంటే మొదట ఎవరూ నమ్మరు. టామ్ లాంగ్ కూడా నమ్మలేదు. తమ్ముడు పీటర్‌కి తట్టు పోసింది. అది టామ్‌కి కూడా అంటుకుంటుందేమోనని వేసవి సెలవుల్లో అతణ్ణి కాసిల్‌ఫర్డ్‌లో ఉండే గ్వెన్ ఆంటీ, అలన్ అంకుల్ దగ్గరికి పంపేశారు. అక్కడ ఆడుకోవడానికి తోట లేదు, తోడు లేదు, రాత్రిళ్లు నిద్ర పట్టదు. పడుకుని గంటలు లెక్కపెడుతుంటే ఒకటి ఎక్కువ వచ్చింది. అసలు టైమెంతో చూద్దామని మెట్లు దిగి వచ్చాడు. చీకట్లో ముళ్లు కనబడలేదు. వెన్నెల లోపలికి పడుతుందని వెనక తలుపు తీశాడు. పగలు చెత్తడబ్బాలుండే చోట పచ్చిక, పూల మళ్లు, పెద్ద పెద్ద చెట్లు!

ఫిలిపా పియర్స్ రాసిన 'టామ్స్ మిడ్‌నైట్ గార్డెన్' నవలలోది ఈ గడియారం. 1958లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఆ నవలను అచ్చువేసింది. పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం ఆ ఏడు దానికే దక్కింది. గడియారం రూపం గురించి కూడా చెప్పాలి. ఇది నిలువెత్తు లోలకం గడియారం. ముఖం మీద ఒక దేవదూత బొమ్మ ఉంటుంది. ఆయన ఒక పాదం నేల మీద, ఇంకోటి సముద్రం మీద. బైబిల్ ప్రకటన గ్రంథం పదో అధ్యాయంలో, ఇక కాలమన్నది ఉండదని చాటే దూత ఆయనే. ముళ్లు సరైన సమయమే చూపిస్తాయి, గంటలు మాత్రం వాటికి తోచినన్ని కొడతాయి. ఆ పెద్ద ఇంటిని ముక్కలు చేసి వాటాలుగా అద్దెకిచ్చినప్పుడు కూడా దీన్ని ఎవరూ కదపలేదు. వెనక మరలు తుప్పు పట్టి గోడకే అతుక్కుపోయాయి మరి. ఇల్లు మారింది, మనుషులు మారారు, గడియారం మాత్రం ఆ హాల్లోనే ఉండిపోయింది.

ఆ ఇల్లు ఊరికే పుట్టిన కల్పన కాదు. పియర్స్ పెరిగింది కేంబ్రిడ్జ్ దగ్గర గ్రేట్ షెల్ఫర్డ్ అనే ఊళ్లో, పిండిమర నడిపే తండ్రి ఇంట్లో. ఆ ఇల్లు చేతులు మారబోతున్న రోజుల్లో ఆమె దాన్నీ, దాని తోటనీ నవలలోకి తెచ్చుకుంది. కేంబ్రిడ్జే కాసిల్‌ఫర్డ్ అయింది. ఉన్న ఇల్లు పోతోందన్న బాధ పుస్తకం నిండా పరుచుకుని ఉంది. గోడకు ఆనుకుని నిలబడ్డ ఈ గడియారానికి అది బాగా తెలుసు.

టామ్ రాత్రిళ్లు వెళ్లే ఆ తోటలో కాలం వరసగా నడవదు. పిడుగు పడి కూలిన చెట్టు మరో రాత్రి నిటారుగా నిలబడి కనిపిస్తుంది. అక్కడ కలిసే హ్యాటీ అనే పిల్ల ఒకసారి టామ్ ఈడుది, ఒకసారి చిన్నది, ఒకసారి పెద్దది. తానొక రాకుమారినని, తనను ఇక్కడ బంధించారని ఆమె గొప్పలు చెప్పేది, టామ్ వెక్కిరించేవాడు. ఒకనాడు మరీ చిన్న పాప కనిపించింది. నల్లగౌను వేసుకుని, మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తోంది. ఆ నలుపు చనిపోయిన అమ్మానాన్నల కోసం. దిక్కులేక బంధువుల పంచన చేరిన పిల్ల, అక్కడ మాటలు పడాల్సిన పిల్ల. టామ్ ఆమెను పలకరించలేకపోయాడు. అంత చిన్న హ్యాటీ అతనికి మళ్లీ కనిపించలేదు. ఆ తర్వాత రాకుమారి కథను అతను ఎప్పుడూ వెక్కిరించలేదు. ఈ గడియారం దృష్టిలో నవలకు ప్రాణం అక్కడుంది. పోయినవాళ్ల కోసం ఏడుస్తున్న పిల్లను ఇంకో పిల్లవాడు చూశాడు, నోరు అదుపులో పెట్టుకున్నాడు. రచయిత్రి అంతకు మించి ఒక్క ముక్క వ్యాఖ్యానించలేదు.

మంచు మీద జారే హ్యాటీ స్కేట్ల సంగతి మరీ చిత్రం. వాటిని వాడనప్పుడల్లా ఆమె గదిలో నేల చెక్క కింద దాచిపెట్టమని టామ్ హ్యాటీని అడుగుతాడు. ఆమె మాట నిలబెట్టుకుంటుంది. ఎన్నో ఏళ్ల తర్వాత, టామ్ కాలంలో, అదే చెక్క కింద అతనికి ఆ స్కేట్లు దొరుకుతాయి. అవి వేసుకునే అతను ఆమెతోపాటు గడ్డకట్టిన నది మీద ఈలీ దాకా జారుతూ వెళతాడు. ఒకే జత స్కేట్ల మీద ఒకే నదిలో ఇద్దరూ! 1895 మొదట్లో ఇంగ్లండులో నిజంగానే నదులు గడ్డకట్టేంత చలి వేసింది. ఆ ప్రయాణంలోనే హ్యాటీ యువతి అయిపోయిందని, టామ్ ఆమె కంటికి పలచబడిపోతున్నాడని తెలుస్తుంది.

చివరి రాత్రి తలుపు తీస్తే తోట లేదు. టామ్ చెత్తడబ్బాల మధ్య పడి హ్యాటీ పేరు పెట్టి అరిచాడు, ఇంటిల్లిపాదీ లేచారు. పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మిసెస్ బార్తోలొమ్యూ మర్నాడు క్షమాపణ చెప్పడానికి అతన్ని పైకి పంపమంది. ఈ గడియారానికి కీ ఇచ్చే ముసలావిడ ఆమే. ఇద్దరు కొడుకులూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు, భర్త కూడా పోయాడు. ఒంటరిగా పుట్టిల్లు లాంటి ఆ ఇంటికి తిరిగొచ్చి, రాత్రుళ్లు తన చిన్నతనాన్ని కలగంటోంది. ఆమే హ్యాటీ. ఆ ముందు రాత్రి ఆమెకు వచ్చిన కల తన పెళ్లిది, తోట వదిలి వెళ్లిపోవడానిది.

కాలం తలుపు తెరిచింది గడియారమేనని చాలామంది అంటారు. ఆ ఘనత దీనిది కాదు. తెరిచింది ఒక వృద్ధురాలి కల, ఆడుకోవడానికి తోడు కావాలన్న ఒక పిల్లవాడి ఆరాటం. కాలప్రయాణం కథలు చాలావాటిలో జరిగిపోయినదాన్ని సరిదిద్దే యత్నం ఉంటుంది. ఈ నవల ఆ పని చేయదు. హ్యాటీ అమ్మానాన్నలు తిరిగి రారు, కొడుకులూ రారు. దుఃఖపడేవాళ్లకు చివరికి దక్కేది ఒక మనిషి తోడు. అదీ తక్కువేం కాదు. వీడ్కోలు చెప్పి మెట్లు దిగుతున్న టామ్ వెనక్కి పరుగెత్తి ఆ ముసలావిణ్ణి చిన్నపిల్లను వాటేసుకున్నట్టు వాటేసుకున్నాడు.

2007లో కార్నెగీ పతకానికి డెబ్బై ఏళ్లు నిండిన సందర్భంగా పాఠకులు ఓట్లేస్తే ఫిలిప్ పుల్‌మన్ 'నార్తర్న్ లైట్స్' మొదటిది, ఈ నవల రెండోది అయ్యాయి. గెలిచిన పుల్‌మన్ తన ఓటు మాత్రం పియర్స్‌కేనన్న అర్థంలో మాట్లాడాడు. ఆమె అంతకు ముందు ఏడాదే, 2006లో కన్నుమూసింది. అమ్మమ్మనో తాతనో పోగొట్టుకుని ముభావంగా ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ పుస్తకం తెప్పించండి, పక్కన కూర్చుని చదివి వినిపించండి.